అద్దం రుద్దిన చేతులు

చక్కెర మంచిదో కాదో నాలిక చెబుతుందనుకుంటాం మనం. చక్కెర ఫ్యాక్టరీలో ఆ మాట చెప్పేది కన్ను. అదీ ఓ గొట్టంలోంచి చూసే కన్ను.

బాసర వెళ్ళే రైళ్ళు మా నవీపేట మీదుగానే పోతాయి. పిల్లలకి అక్షరాభ్యాసం చేయించడానికి వెళ్ళేవాళ్ళు కిటికీలోంచి చూసి, "ఇదేనా మేకల సంత జరిగే ఊరు?" అంటారు. ఇంకొంచెం పాతవాళ్ళయితే చెరుకు బండ్ల గురించి అడుగుతారు. 1930ల చివర నిజాం ప్రభుత్వం బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది మొదలు మా చుట్టుపక్కల ఊళ్ళ బతుకంతా చెరుకు చుట్టూనే తిరిగింది. పొలం, బండి, కాటా, పొగగొట్టం ఇవన్నీ అందరికీ తెలిసినవే. తెలియనిది ప్రయోగశాల. చక్కెర ఫ్యాక్టరీ ఎక్కడున్నా అందులో ఓ గది ఉంటుంది, ఆ గదిలో ఓ పొడుగాటి గొట్టం ఉంటుంది, ఆ గొట్టానికి అటూ ఇటూ అద్దాలుంటాయి.

దాని కథ కాస్త చెప్పనివ్వండి, తరవాత పనికొస్తుంది. వెలుతురు మామూలుగా అన్ని దిక్కులకీ ఊగుతూ వస్తుంది, దువ్వని జుట్టులాగా. ఒక రకం స్ఫటికంలోంచి పంపితే దువ్వెన పెట్టి దువ్వినట్టు ఒకే పాపిడికి వస్తుంది. అలా దువ్విన వెలుతుర్ని చక్కెర నీళ్ళలోంచి పంపితే ఆ పాపిడి కుడివైపుకి తిరిగిపోతుంది! చక్కెర ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ తిరుగుతుంది. ద్రవాలకి ఈ గుణం ఉందని 1815లో బియో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఇరవయ్యారు గ్రాముల స్వచ్ఛమైన చక్కెరని నూరు మిల్లీలీటర్ల నీళ్ళయ్యేట్టు కరిగించి, ఇరవై సెంటీమీటర్ల గొట్టంలో పోస్తే, పాపిడి సుమారు ముప్ఫయి నాలుగున్నర డిగ్రీలు పక్కకి జరుగుతుంది. ఫ్యాక్టరీ వాళ్ళ లెక్కలో అది నూటికి నూరు. ఎంత చెరుకు ఆడితే ఎంత చక్కెర రావాలి, ఎంత మొలాసిస్‌లో పోయింది, అన్నీ ఈ లెక్క మీదే.

మరి ఆ గొట్టంలో స్ఫటికం వెంట్రుకవాసి పక్కకి జరిగితే? అద్దానికి బూజు పడితే? లెక్క తప్పుతుంది. తప్పిందని ఎవరికీ తెలియను కూడా తెలియదు, అదే చిక్కు. అందుకని ఈ అద్దాల సంగతి చూసుకునే మనిషి ఒకడు కావాలి. ఆయన్నే ఆప్టికల్ ఇంజనీరు అంటున్నారు. కళ్ళజోళ్ళ దుకాణాయన వేరు, ఈయన వేరు. యూనివర్సిటీల్లో, పరిశోధనశాలల్లో ఉండే దూరదర్శినులు, సూక్ష్మదర్శినులు, వర్ణమాపకాలు, ఇలాంటి పరికరాల్లో కటకం ఎంత వంపు ఉండాలి, ఎక్కడ కూర్చోవాలి, పాడైతే ఎలా బాగుచెయ్యాలి అన్నది ఈయన పని. ప్రొఫెసరుగారు చూస్తారు. ఆయనకి కనిపించేట్టు చేసేది ఈయన.

మన వైపు ఈ పని పెద్ద ఎత్తున అవసరమైన చోటు హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీ. తెలుగులో వేధశాల అంటారు. ఆ వేధశాల ఉస్మానియా యూనివర్సిటీ ఇంటికి ఎలా వచ్చిందన్నది ముచ్చటైన కథ.

నవాబ్ జాఫర్ జంగ్ అని ఇంగ్లండులో చదువుకొచ్చిన హైదరాబాదు ప్రభువు ఒకాయన ఉండేవాడు. ఆయనకి నక్షత్రాల పిచ్చి. ఆ కాలపు నవాబులు గుర్రాల మీదా, వజ్రాల మీదా ఖర్చుపెట్టారంటే నమ్ముతాం. ఈయన డబ్లిన్ నగరంలో పేరుమోసిన గ్రబ్ కంపెనీ వారి దగ్గర పదిహేను అంగుళాల కటకం గల దూరదర్శిని కొన్నాడు. 1901లో తన ఎస్టేటు ఫిసల్ బండాలో వేధశాల పెట్టి, నిజాం పేరుమీద నిజామియా అన్నాడు. 1907లో ఆయన పోయాడు. మరుసటి ఏడు ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకి మార్చింది. 1919లో ఉస్మానియా యూనివర్సిటీ అధీనంలోకి వచ్చింది. అంటే యూనివర్సిటీ పసికందుగా ఉన్నప్పుడే దాని చేతిలో ఓ దూరదర్శిని పెట్టారన్నమాట.

అయితే నవాబుగారు మోజుపడి కొన్న ఆ పదిహేను అంగుళాల యంత్రం గుమ్మటం కింద నిలబడి పనికి వచ్చింది ఎప్పుడనుకున్నారు? 1922లో! అప్పటికి భాస్కరన్‌గారు డైరెక్టరు. కొన్నాయనకి మాత్రం ఆ ప్రాప్తం లేకపోయింది. కొనడానికి డబ్బు చాలు. నిలబెట్టడానికి పునాది కావాలి, గుమ్మటం కావాలి, భూమి తిరుగుడుకి సరిగ్గా ఎదురు తిరిగే గడియారపు యంత్రం కావాలి, అన్నిటికీ మించి తెలిసిన చేతులు కావాలి. పెద్ద కటకమంటే ఒక్క గాజుబిళ్ళ కాదు. రెండు రకాల గాజులతో చేసిన రెండు బిళ్ళలు, ఒకదాని వెనక ఒకటి. ఒక్క గాజే అయితే నక్షత్రం చుట్టూ ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. రెండోది ఆ రంగుల్ని వెనక్కి లాగుతుంది. వాటి మధ్య ఎడం ఏ పక్కనైనా కాస్త తేడా వచ్చిందా, చుక్క కాస్తా తోకచుక్క అవుతుంది. ఇక మన వానాకాలం! మామిడికాయ జాడీ మీదే బూజు పట్టే రోజుల్లో గాజు మీద పట్టదా? అలాగని పమిట చెంగుతో తుడిచినట్టు తుడవకూడదు. దుమ్ము రేణువు ఒక్కటి గుడ్డ కింద పడ్డా గీత పడుతుంది. గీత పడితే ఇక పోదు.

ఈలోగా బేగంపేట ఊరుకోలేదు. యార్క్ నగరంలోని కుక్ కంపెనీ వారి ఎనిమిది అంగుళాల ఫోటో దూరదర్శిని వచ్చింది. దానితో హైదరాబాదు ఓ ప్రపంచ యజ్ఞంలో చేరింది. 1887లో పారిస్‌లో శాస్త్రజ్ఞులంతా కూర్చుని, ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి ప్రతి చుక్కకీ చిరునామా రాయాలని తీర్మానించారు. వడ్డనకి విస్తళ్ళు పంచుకున్నట్టు దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా పంచుకున్నాయి. దక్షిణ అమెరికాలో చిలీ రాజధాని శాంటియాగో వారి వంతు పట్టీ పూర్తికాక మిగిలిపోతే హైదరాబాదు ఎత్తుకుంది. చాట్‌వుడ్, ఆయన తరవాత పొకాక్, తరవాత భాస్కరన్ – ముగ్గురు డైరెక్టర్ల కాలం పట్టింది. అది అయ్యాక ఉత్తరాన జర్మనీలోని పోట్స్‌డాం వారు వదిలేసిన పట్టీలోనూ కొంత చేశారు. అంతా కలిపి పన్నెండు సంపుటాలు అచ్చయ్యాయి.

ఫోటో అంటే మన ఆల్బంలో అతికించే కాగితం అనుకోకండి. గాజు పలక. కాగితం ఎండకి ముడుచుకుంటుంది, తడికి సాగుతుంది. గాజు అలా చెయ్యదు. ఒక్కో పలకకీ కొన్ని నిమిషాలపాటు దూరదర్శిని నక్షత్రాన్ని వదలకుండా వెంబడించాలి. గడియారపు యంత్రం తిప్పుతూనే ఉంటుంది గానీ, ఒకాయన పక్క గొట్టానికి కన్ను ఆనించి, చుక్క దారం మీంచి జరిగితే చేత్తో సర్దుతూ కూర్చోవాలి. పాలు పొంగకుండా చూసేటప్పుడు పక్కింటివాళ్ళు పిలిస్తే ఏమవుతుందో మనకి తెలుసుగా! తరవాత పగలంతా సూక్ష్మదర్శిని కింద ఆ పలక పెట్టి, ప్రతి చుక్కా ఏ గీతకి ఎంత దూరంలో ఉందో కొలిచి రాయాలి. అలా లక్షల చుక్కలు.

ఇదే పని పారిస్‌లో డొరొతియా క్లంప్కే అనే ఆవిడ ఆధ్వర్యంలో అమ్మాయిలు చేశారు. రోములో వాటికన్ వారి వంతుకి నలుగురు సన్యాసినులు 1910 నుంచి 1921 దాకా కూర్చుని 4,81,215 నక్షత్రాలు కొలిచారు. ఒకరు సూక్ష్మదర్శినిలో చూసి అంకె చెబితే ఇంకొకరు రాసుకునేవారు. ఎమీలియా, రెజీనా, కన్సెత్తా, లూయిజా అని ఆ నలుగురి పేర్లు. ఈ పేర్లు వెలుగులోకి వచ్చింది ఈమధ్యనే, వాళ్ళు పోయిన ఎన్నో ఏళ్ళకి.

హైదరాబాదులోనూ అంతే. చరిత్ర రాసినప్పుడు డైరెక్టర్ల పేర్లు వరసగా వస్తాయి. కటకం సర్దినవాళ్ళు, పలక కడిగినవాళ్ళు, గడియారానికి నూనె వేసినవాళ్ళు వరసలో ఉండరు. ఒక్కాయన పేరు మాత్రం మిగిలింది. ఆయన ఎం.కె. బప్పు. కేరళ నుంచి వచ్చి నిజామియాలో అసిస్టెంటుగా పనిచేశాడు. ఆయన పేరైనా మిగిలింది కొడుకు వల్ల.

కొడుకు వేణు బప్పు. 1927లో మద్రాసులో పుట్టినా పెరిగింది, చదివింది హైదరాబాదులో. నిజాం కాలేజీ విద్యార్థి. ఇతర పిల్లలకి నాన్న ఆఫీసంటే ఫైళ్ళు, సిరాబుడ్లు. ఈ పిల్లవాడికి నాన్న ఆఫీసంటే గుమ్మటం తెరుచుకుని ఆకాశం కనిపించే చోటు. చదువుకునే రోజుల్లోనే వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉండే నక్షత్రాల మీద వ్యాసాలు ప్రకటించాడు. హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీద అమెరికాలో హార్వర్డుకి వెళ్ళాడు. వెళ్ళిన ఏడే, 1949 జులైలో, తీసిన ఫోటో పలక మీద కొత్త తోకచుక్కని పట్టాడు. దానికి బప్పు–బాక్–న్యూకిర్క్ అని పేరు. మొదటి పేరు మన హైదరాబాదు కుర్రాడిదే.

నాకు ఆయనలో నచ్చేది తోకచుక్క కన్నా తరవాతి సంగతి. తిరిగొచ్చాక ఆయన దేశంలో వేధశాలలు కట్టించాడు. కట్టించినచోటల్లా అద్దాల పని చేసే కార్ఖానా మీద దృష్టి పెట్టాడు. దూరదర్శిని కావాలంటే విదేశాలకి ఆర్డరు పంపడం ఒక్కటే మార్గమనుకునే రోజులవి. బప్పుగారు అద్దం మనమే రుద్దుకుందాం అన్నాడు. జయరాజన్‌గారనే నిపుణుడు ఆయనకి కుడిభుజం. తమిళనాడులో కావలూరు కొండల మీది దూరదర్శిని కోసం 2.34 మీటర్ల అడ్డం ఉన్న గాజు జర్మనీ నుంచి తెప్పించి, ఆయన ఆధ్వర్యంలో బెంగుళూరులో రుద్దారు. అంత పెద్ద అద్దం మన దేశంలో అంతకు మునుపు ఎవరూ రుద్దలేదు. అది పూర్తయి ఆకాశం వైపు తిరిగేలోగా, 1982 ఆగస్టులో, బప్పుగారు మ్యూనిక్‌లో కన్నుమూశాడు. 1986 జనవరిలో ప్రధాని రాజీవ్ గాంధీ ఆ దూరదర్శినికి ఆయన పేరు పెట్టారు.

రుద్దడం, రుద్దడం అంటున్నాను గానీ ఎలా రుద్దుతారో చెప్పలేదు కదూ. తిరగలి చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రెండు గుండ్రటి గాజుబిళ్ళలు. మధ్యలో నీళ్ళూ, గరుకు పొడీ. పైబిళ్ళని ముందుకీ వెనక్కీ నెడుతూ, మెల్లగా చుట్టూ తిరుగుతూ రుద్దాలి. రుద్దగా రుద్దగా పైదానికి గుంట పడుతుంది, కిందది ఉబ్బుతుంది. ఎవరూ గీయకుండానే బంతిలోపలి వంపు దానంతటదే వస్తుంది! తరవాత పొడి మారుస్తూ పోవాలి, రవ్వ నుంచి పిండికి, పిండి నుంచి ఇంకా మెత్తటి పిండికి. ముందు వాడిన గరుకు రేణువు ఒక్కటి మిగిలినా వారాల పని గంగపాలు. అందుకని పొడి మార్చినప్పుడల్లా గది కడగాలి, బల్ల కడగాలి, చేతులు, గోళ్ళు, చొక్కా కూడా. మడి అంటే నవ్వే శాస్త్రజ్ఞులు కూడా ఇక్కడ మడి పాటించక తప్పదు.

ఆఖర్న తారు లాంటి జిగురు పరిచిన బిళ్ళ మీద ఎర్రటి ఇనుప తుప్పు పొడితో మెరుగు పెడతారు. కంసాలులు నగకి మెరుగుపెట్టే పొడే అది. ఇక్కడినుంచి వంపు వెంట్రుక మందంలో వెయ్యో వంతు దాకా సరిగ్గా ఉండాలి. అంత సన్నపు తేడా చూడటానికి ఫుకో అనే ఫ్రెంచాయన చెప్పిన ఉపాయం ఉంది. చీకటి గదిలో చిన్న దీపం, ఓ బ్లేడు అంచు, అంతే. బ్లేడు అంచున కన్ను పెట్టి చూస్తే అద్దం మీది ఎత్తుపల్లాలు వెన్నెట్లో ఇసుక దిబ్బల్లా కనిపిస్తాయి. ఆ అద్దాన్ని వేలితో ఓ నిమిషం తాకి మళ్ళీ చూడండి. వేలి వెచ్చదనానికి గాజు ఉబ్బి చిన్న గుట్ట కనిపిస్తుంది. చల్లారాక పోతుంది. చల్లారేదాకా ఓపిక పట్టడమే ఈ ఉద్యోగంలో సగం జీతం అనిపిస్తుంది నాకు.

గాజు తయారైతే సరిపోదు, దానికి వెండి పూత పెట్టాలి. ఇక్కడ అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కి పోవాలి, ఎందుకో చివర్న తెలుస్తుంది. 1870లలో అక్కడ జాన్ బ్రషీర్ అని ఉక్కు మిల్లు పనివాడు. పగలంతా మిల్లు, రాత్రి ఇంట్లో కటకం రుద్దడం. మొదటి కటకానికి మూడేళ్ళు పట్టింది. అంతా అయ్యాక చేతిలోంచి జారి పగిలింది. ఇంకోటి మొదలుపెట్టాడు. తరవాత పన్నెండు అంగుళాల అద్దం ఒకటి నెలల తరబడి రుద్ది, వెండి పూత పెట్టబోతే ఆ వేడికి ఠప్పున పగిలింది. ఆ రాత్రి ఆయన పడుకోలేదట. మర్నాడు మిల్లు నుంచి కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి, భార్య ఫీబీ కార్ఖానా ఊడ్చి, పొయ్యి వెలిగించి, యంత్రానికి ఆవిరి ఎక్కించి, కొత్త గాజుబిళ్ళ సిద్ధంగా పెట్టి ఉంచింది. ఓదార్పు మాటలు తరవాత, ముందు పని మొదలుపెట్టమని! ఆ కటకాలు రుద్దడంలోనూ ఆవిడ చెయ్యి ఉంది. ఇంజనీరు అనే మాట ఆవిడ పేరు పక్కన ఎవరూ రాయలేదు.

ఆ పగిలిన అద్దం వల్లే బ్రషీర్ వేడి లేకుండా వెండి పూత పెట్టే పద్ధతి కుదుర్చుకున్నాడు. 1880లో దాన్ని పత్రికలో అచ్చువేయించి అందరికీ ఇచ్చేశాడు, పేటెంటు కూడా తీసుకోలేదు. ఆ పద్ధతిలో వెండి లవణం నీళ్ళలోంచి వెండిని విడగొట్టి గాజుకి అంటించే దినుసు ఏమిటో ఊహించండి. చక్కెర! నిజంగా చక్కెరే. చక్కెరని నీళ్ళు, కాస్త ఆమ్లం, ఆల్కహాలుతో కలిపి ముందుగానే చేసి పెట్టుకోవాలి. ఆవకాయలాగా ఊరినకొద్దీ మేలు. వెండి నీళ్ళు మాత్రం నిలవ ఉంచకూడదు, పేలిపోతాయి. రెండూ అద్దం మీద పోస్తే మొదట బురదరంగు, తరవాత నలుపు, ఆ నలుపు కిందనుంచి మిలమిల్లాడుతూ వెండి.

వెండికి ఉన్న జబ్బు మనకి తెలిసిందే. పూజగదిలో కుందులు నల్లబడ్డట్టే నక్షత్రాల అద్దమూ నల్లబడుతుంది. చింతపండుతో తోమడానికి వీల్లేదు. పూతంతా తీసేసి మళ్ళీ పెట్టాల్సిందే. 1930ల నుంచి గాలి తీసేసిన పెట్టెలో అల్యూమినియం ఆవిరి పట్టించే పద్ధతి వచ్చి కొంత ఊరట కలిగింది. అదీ శాశ్వతం కాదు, కొన్నేళ్ళకోసారి మళ్ళీ పట్టించాలి.

బ్రషీర్ తదనంతరం పిట్స్‌బర్గ్‌లో ఆ కార్ఖానాని ఫెకర్ అనే ఆయన అందుకున్నాడు. ఆ ఫెకర్ కంపెనీ చేసిన నలభై ఎనిమిది అంగుళాల అద్దపు దూరదర్శినే 1968లో మన ఉస్మానియా యూనివర్సిటీకి వచ్చింది! ఉక్కు మిల్లు పనివాడూ, ఫీబీ వెలిగించిన పొయ్యీ అలా మన రంగారెడ్డి జిల్లా దాకా వచ్చాయి. బేగంపేట పక్కన విమానాశ్రయం, చుట్టూ వీధి దీపాలు వచ్చి చుక్కలు కనిపించడం మానేశాక, అభ్యంకర్‌గారి కాలంలో, ఇబ్రహీంపట్నం దాటి జాపాల్, రంగాపూర్ అనే రెండు ఊళ్ళ మధ్య చీకటి చూసుకుని దాన్ని నిలబెట్టారు. జంట నక్షత్రాల మీద ఎన్నో ఏళ్ళు అక్కడ పని జరిగింది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా ఆ ఊళ్ళ మీదుగా పోయింది. ఆ మధ్యాహ్నం మనలో చాలామంది కిటికీలకి దుప్పట్లు కట్టి, నీళ్ళకుండల్లో దర్భలు వేసి, కడుపుతో ఉన్న కోడళ్ళని మంచం దిగనివ్వకుండా కూర్చున్నవాళ్ళమే. పట్టణాల్లో వీధులు కర్ఫ్యూ పెట్టినట్టున్నాయి. అదే సమయంలో రంగాపూర్‌లో శాస్త్రజ్ఞులు పరికరాలు సిద్ధం చేసుకుని సూర్యుడు నల్లబడే ఆ రెండు మూడు నిమిషాల కోసం కాచుకుని ఉన్నారు. అలాంటి రోజున చివరి క్షణంలో కటకం మసకబారితే ఆ అద్దాలు చూసే మనిషి గుండె ఎలా ఉంటుందో! వంద మందికి అన్నం వండి, పంక్తి కూర్చున్నాక ఉప్పు వేశామా లేదా అని అనుమానం వస్తే ఎలా ఉంటుందో, అంతకి పదింతలు.

బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. షక్కర్ నగర్‌లో ఆ గొట్టం చుట్టూ కొలతలు రాసిన చేతులు పని లేక ఇతర ఊళ్ళు పట్టాయి. బేగంపేటలో నిజామియా ఆవరణ ఇప్పుడు ఆర్థిక సామాజిక అధ్యయన సంస్థ చిరునామాలో ఓ మాటగా మిగిలింది. గుమ్మటాలు శిథిలమయ్యాయి.

అక్కడ కొలిచిన అంకెలకి మాత్రం తరవాత ఓ పని పడింది. 1989లో యూరప్ వాళ్ళు నక్షత్రాల చోట్లు కొలవడానికి హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపారు. నక్షత్రం ఇప్పుడు ఎక్కడుందో అది చెప్పింది. అది ఎటు కదులుతోందో తెలియాలంటే డెబ్భై, ఎనభై ఏళ్ళ కిందట ఎక్కడుందో కూడా తెలియాలి. దానికోసం పాత ఫోటో పలకల కొలతలన్నీ, పారిస్‌వీ, వాటికన్ సన్యాసినులవీ, బేగంపేటవీ, సంపుటాల్లోంచి తీసి కంప్యూటరుకి ఎక్కించారు. రెండూ పక్కపక్కన పెట్టి 2000లో ఇరవై అయిదు లక్షల నక్షత్రాల కదలికలతో టైకో-2 అనే పట్టిక తయారుచేశారు. ఎనిమిది అంగుళాల కుక్ కటకాన్ని ఎవరో రాత్రిపూట వేలితో సర్దుతూ తీసిన చుక్కలు అందులో తమ తమ వరసల్లో ఉన్నాయి.